సదానందం పెట్టిన పదకొండు చుక్కలు

శకుంతల ఏడో తరగతి దాకా చదివింది. తర్వాత కొత్తవాడలో వాళ్ల నాయన రాజమౌళి జంపఖానాలు నేసే మగ్గం పక్కన కూర్చొని కండెలు చుట్టింది. పెళ్లయినాక ఇరవై ఆరేళ్లు వంటింట్లో గడిపింది. నలభై ఏడో ఏట, అప్పటిదాకా గేటు లోపలికి కూడా పోని ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో, గ్రౌండు అటెండరుగా రిజిస్టర్లో సంతకం పెట్టింది.

ఆ ఉద్యోగం ఆమె భర్త సదానందానిది. అంతకు ముందు ఏడాది శ్రావణమాసంలో ఒక ఆదివారం పొద్దున అతను చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గుండెల్లో పట్టేసినట్టుందన్నాడు. దవాఖానకు పోయేలోపే అయిపోయింది. సర్కారు కొలువు కాబట్టి ఇంట్లో ఒకరికి ఇస్తామన్నారు. కొడుకు అనిల్‌కు హన్మకొండలో సెల్‌ఫోన్లు బాగు చేసే షాపు ఉంది. వాడు ఆ కాగితం తెచ్చి తల్లి ముందే పెట్టాడు.

"నువ్వే చెయ్యమ్మా. ఇంట్ల ఒక్కదానివే ఉంటే బాపు కుర్చీని చూసుకుంట కూసుంటవు."

"నాకేమొస్తదిరా? బంతి గుండ్రంగ ఉంటదని తప్ప ఇంకేం ఎరుక నాకు?"

"బాపుకు మాత్రం ఏమొచ్చు? ఆడలేకనే కదా గీతలు గీసుకుంట బతికిండు."

అనిల్ నవ్వుతూనే అన్నాడు, శకుంతల కూడా నవ్వింది. చనిపోయిన తర్వాత ఆ ఇంట్లో సదానందం మీద వేసిన మొదటి జోక్ అది. సదానందం ఉండి ఉంటే తనే ముందు నవ్వేవాడు.

ఎందుకంటే ఆ మాట నిజం. సదానందం వర్ధన్నపేట నుంచి బస్సులో వచ్చి వరంగల్‌లో డిగ్రీ చదివాడు. మూడేళ్లూ కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో ఉన్నాడు, మూడేళ్లూ ఎగస్ట్రాగానే ఉన్నాడు. అందరికంటే ముందు గ్రౌండుకు వచ్చేది అతనే, అందరి నీళ్ల బాటిళ్లు నింపేదీ అతనే. మూడేళ్లలో ఒక్కసారి, ఎవరికో కాలు బెణికితే, తొమ్మిది నిమిషాలు ఆడించారు. ఆ తొమ్మిది నిమిషాల కథ శకుంతల ఎన్నిసార్లు విన్నదో.

"రెండుసార్లు నా కాలికి వచ్చింది బంతి. రెండుసార్లు మనోనికే ఇచ్చిన. ఒక్కటి గూడ తప్పలే," అనేవాడు, అన్నం కలుపుతూ. గోలు కొట్టినవాడు కూడా అంత గర్వంగా చెప్పడు.

కాలేజీలో ఆటల మేడం కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉండేది. ఎవరైనా వచ్చినా, బదిలీ అయితే మళ్లీ ఖాళీ. ఆ మధ్యకాలమంతా ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పింది గీతలు గీసే సదానందమే. అటెండరే అయినా పిల్లలు సార్ అనేవాళ్లు. అతని దగ్గర పెద్ద విద్యేమీ లేదు. పిల్లలను సమయానికి రప్పించడం, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పడం, చెప్పిందే రోజూ చెప్పడం.

"కాళ్లల్ల ఉండేది పుట్టుకతోని వస్తది శకుంతలా. నాకు రాలే. యాడ నిలబడాల్నో మాత్రం నేర్సుకుంటే వస్తది. అది నాకొచ్చింది."

అతని టీమ్ ఆరేళ్లు వరసగా ఇంటర్ కాలేజీ పోటీల్లో సెమీఫైనల్ దాకా పోయింది, ఆరేళ్లూ అక్కడే ఓడింది. కప్పు గిప్పు తనకు వద్దనేవాడు. ఒక్కసారి సెమీస్ దాటితే చూడాలని ఉండేది. చూడకుండానే పోయాడు.

శకుంతలకు ఫుట్‌బాల్ అర్థం కాలేదు గాని ఈ ఒక్క మాట అర్థమైంది. జూన్‌లో ఉద్యోగంలో చేరిన రోజే మనసులో పెట్టుకుంది. ఆయన చేసినట్టే, అణువంతైనా తప్పకుండా చేయాలి. పిల్లలు ఈసారి దాటాలి.

*

సదానందం వదిలిపోయిన సామానులో ఒక తాడుంది. దాన్ని రాజమౌళే పేనాడు. జంపఖానాల పడుగుకు వాడే నూలు ఎనిమిది పోగులు కలిపి మెలిపెట్టి అల్లుడికి ఇచ్చాడు. దాని మీద సదానందం కొలతకొక దారం కట్టుకున్నాడు. నడుమ గుండ్రం గీయాలంటే ఎర్రదారం దగ్గర పట్టుకోవాలి. గోలు ముందు పెనాల్టీ చుక్కకు పచ్చదారం. ఆ వెనకాల పెద్ద డబ్బా గీతకు నీలందారం. వానకు తడిస్తే తాడు కుంచించుకుపోతుందని దాన్ని దేవుడి గూటి పక్కన మేకుకు తగిలించేవాడు. అక్కడెందుకని శకుంతల ఎన్నోసార్లు పోట్లాడింది. ఇప్పుడు ఆమే అక్కడ తగిలిస్తుంది.

గీతలు గీయాలంటే తాడు రెండో కొస పట్టుకునే మనిషి కావాలి. కాలేజీ వాచ్‌మెన్ ఖాజా పాషా పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా సదానందానికి పట్టింది కూడా అతనే. మొదటి రోజు శకుంతల వంగి, డబ్బాలోంచి సున్నప్పొడి రాలుస్తూ, ఊపిరి బిగబట్టి ఈ మూల నుంచి ఆ మూలకు పోయింది. నడుము నిలబెట్టి వెనక్కి చూసింది.

పాషా కాసేపు చూసి మెల్లగా అన్నాడు. "గీత గాదు చెల్లె గిది. పాము పోయిన జాడ లెక్కుంది."

"మీరు తాడు గట్టిగ పట్టలేదన్నా."

"నేను గట్టిగనే పట్టిన. నువ్వే తాడును చూస్తలేవు, సున్నాన్ని చూస్తానవ్. మావోడు తాడునే చూస్తుండె."

పది రోజుల్లో గీతలు నిలబడ్డాయి. ఇంటి ముందు ఇరవై ఆరేళ్లు ముగ్గేసిన చెయ్యి అది, ఊరికే పోదు కదా.

తర్వాత చుక్కలు. ఇవి ఆట రూలులో లేవు. సదానందం తన టీమ్ కోసం సొంతంగా పెట్టుకున్నవి. గ్రౌండు ఒక సగంలో పదకొండు చోట్ల పిడికెడు సున్నంతో గుండ్రంగా పదకొండు చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో పిల్లది. బంతి అవతలి వాళ్లకు పోతే ఎవరి చుక్క మీదికి వాళ్లు ఉరకాలి. బంతి తమదైతే చుక్క నుంచి పది అడుగులు ముందుకు. అంతే. ఎవరు ఎక్కడ ఉంటారో చూడకుండానే తెలియాలి.

ఏ చుక్క ఎక్కడో శకుంతలకు చూపించింది నవ్య. మూడో సంవత్సరం పిల్ల, టీమ్ కెప్టెన్. బజారులో కిరాణా కొట్టు లక్ష్మీనారాయణ సేటు బిడ్డ. పొద్దున ఆరింటికి ప్రాక్టీసు అంటే పావు తక్కువ ఆరుకు గేటు దగ్గర ఉంటుంది. జడ గట్టిగా మడిచి, బూట్ల లేసులు రెండు ముళ్లు వేసి, మిగతా పిల్లల లేసులు కూడా తనే చూస్తుంది. పెద్ద వేగం లేదు, పెద్ద తన్నూ లేదు. నవ్యను చూస్తే శకుంతలకు సదానందమే గుర్తొచ్చేవాడు.

రూహీని చూస్తే ఒళ్లు మండేది.

రూహీ రెండో సంవత్సరం. వాళ్లమ్మ తాహెరా బేగం పెళ్లిళ్లకు మెహెందీ పెట్టడానికి పోతుంది, రూహీ కూడా తల్లి వెంట పోతుంది. అందుకని వారంలో మూడు రోజులు ప్రాక్టీసుకు రాదు, వచ్చిన రోజు ఆరున్నర దాటాకే వస్తుంది. వస్తూ వస్తూ అప్పుడే పెట్టిన చుక్కల మీదుగా నడిచి వస్తుంది. కానీ బంతి ఆ పిల్ల కాలికి తగిలితే పిల్లలంతా ఆగి చూసేవాళ్లు. ముగ్గురి మధ్యలోంచి, వాళ్లు అక్కడ లేనట్టే, దాన్ని తీసుకొని పోయేది.

"జర చూసి నడువు బిడ్డా. గది ఇప్పుడే పెట్టిన," అని శకుంతల అంటే, "సారీ ఆంటీ," అని రెండడుగులు పక్కకు వేసి ఇంకో చుక్క తొక్కేది.

*

ఆ ఏడు వచ్చిన ఆటల మేడం అనూష కొత్త మనిషి. నెమ్మదస్తురాలు. సదానందం పద్ధతి గురించి పిల్లలు చెబితే విని, బాగుంది, అలాగే కానివ్వండి అంది. జూలై, ఆగస్టు, సెప్టెంబరు. వాన చుక్కలను కడిగేది, శకుంతల మర్నాడు మళ్లీ పెట్టేది. మోకాళ్ల మీద కూర్చొని, ఎడమచేత్తో మట్టి చదును చేసి, కుడిచేత్తో పిడికెడు సున్నం పెట్టి, గుండ్రంగా దిద్దేది. ఆ పది నిమిషాలు ఆమెకు అతను దూరమైనట్టే ఉండేది కాదు. ఏడవడానికి కాదు, ఊరికే, అతని పక్కన కూర్చున్నట్టు ఉండేది. ఇంటికి పోయాక ఆకలి కూడా అయ్యేది.

బతుకమ్మ, దసరా సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన రోజు, చుక్కలు మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. శకుంతల రెండు పిడికిళ్ల సున్నం వేసి ఎప్పటికన్నా పెద్దగా, మందంగా పెట్టింది. పిల్లలు వచ్చి చూశారు. నవ్య ఏదో అనబోయి ఊరుకుంది. పాషా గొంతు సవరించుకొని గేటు వైపు పోయాడు. పండగ అలసటలో ఉన్నారనుకుంది శకుంతల.

నవంబరు మొదటి వారంలో హన్మకొండలో ఇంకో కాలేజీ వాళ్లతో మామూలు మ్యాచ్ పెట్టుకున్నారు. అసలు పోటీలు నెలాఖరున. అనూష మేడం శకుంతలను కూడా రమ్మంది. నీళ్ల క్యాన్లు, నిమ్మకాయలు, గ్లూకోజు డబ్బా సర్దుకొని ఆమె పిల్లలతోపాటు వ్యాన్ ఎక్కింది.

ఆ గ్రౌండు వీళ్లదానికంటే పెద్దది, పచ్చగడ్డి. ఆట మొదలైన కాసేపటికే ఏదో తేడాగా ఉందని శకుంతలకు తెలిసింది, ఏమిటో తెలియలేదు. రెండో గోలు పడ్డాక అర్థమైంది. బంతి అవతలి వాళ్లకు పోగానే పిల్లలు ఉరుకుతున్నారు, ఉరికి ఆగుతున్నారు, ఆగి తలలు వంచుతున్నారు. కాళ్ల కింద గడ్డిలో వెతుకుతున్నారు. నవ్య అయితే ఒకచోట నిలబడి, ఎడమకు రెండడుగులు వేసి, మళ్లీ కుడికి వేసింది. చీకట్లో మెట్టు కోసం కాలుతో తడుముకునే మనిషిలా ఉంది. ఆలోపు బంతి పక్కనుంచి పోయింది.

తలెత్తి ఆడింది రూహీ ఒక్కతే. ఆ పిల్ల ఇద్దర్ని దాటి, ముగ్గుర్ని దాటి, బంతిని ఖాళీలోకి ఇచ్చేది. ఆ ఖాళీలో వీళ్ల పిల్ల ఉండేది కాదు.

నాలుగు గోల్స్ పడ్డాయి. వీళ్లది ఒక్కటీ లేదు.

వ్యాన్ హంటర్ రోడ్డు ఎక్కింది. అప్పుడు రూహీ అంది. "నేనెవ్వరికియ్యాలె బంతి? అందరు భూమిల చూస్తాన్రు. ఏమన్న పైసలు పడిపోయినయా?"

"నువ్వు ప్రాక్టీసుకొస్తే తెలుస్తుండె ఎవ్వరికియ్యాల్నో," అంది నవ్య, కిటికీ వైపు నుంచి తల తిప్పకుండా. "పెండ్లిళ్లకు పోయినంత సక్కగ గ్రౌండుకు రావు."

"పెండ్లిళ్లకు పోతేనే మా ఇంట్ల నడుస్తది. సేటు బిడ్డవు, నీకేం ఎరుక."

"చాలు ఆపుండ్రి," అంది అనూష మేడం. ఆపారు. శకుంతల ఒళ్లో ఖాళీ నీళ్ల క్యాను పెట్టుకొని కూర్చుంది. ఆయన పద్ధతంతా తు చ తప్పకుండా చేసింది తను. మరి తేడా ఎక్కడ వచ్చింది?

*

మర్నాడు ఐదున్నరకే శకుంతల గ్రౌండులో మోకాళ్ల మీద ఉంది. నాలుగో చుక్క పెడుతుంటే ముందు ఎవరి బూట్లో ఆగాయి. రూహీ. ఆ వేళకు ఆ పిల్లను శకుంతల ఎన్నడూ చూడలేదు. చేతుల నిండా ఎర్రగా పండిన మెహెందీ ఉంది.

"ఆంటీ, ఒక్కమాట చెప్త, కోపానికి రావొద్దు."

"చెప్పు."

"ఇంకా ఎందుకు పెడ్తాన్రు ఇవి? సార్ దసరా కాంగనే బంద్ చేసెటోళ్లు."

శకుంతల చెయ్యి సున్నం డబ్బాలోనే ఉండిపోయింది.

"దసరా దాకనే చుక్కలు. తర్వాత పెట్టకపోయేది. ఇగ కండ్లతోని ఆడుండ్రి అనెటోళ్లు. పోయినేడు సార్ ఉన్నప్పుడు నేను నెల రోజులే వచ్చిన గని, అక్కలు చెప్తే నాకు గూడ ఎరుకే. నవ్యక్కకు ఎరుకే. పాషా చాచాకు ఎరుకే. ఒక్క మీకే ఎవ్వరు చెప్తలేరు." ఆ పిల్ల ఆగి, తన అరచెయ్యి చూసుకుంది. "మీరు ముగ్గు నేర్సుకునేటప్పుడు చుక్కలు పెట్టుకుంటరు కదా ఆంటీ. మాకు మెహెందీల చుక్కలుండయి. నాకు చిన్నప్పుడు అమ్మీ పెన్నుతోని గీసిచ్చి దాని మీద పెట్టమనేది. తర్వాత పెన్ను గుంజుకుంది. నేను ఏడ్చిన. మళ్ల ఇయ్యలే."

"చెప్పినవు కదా. పో, ఉరుకు," అంది శకుంతల.

రూహీ పోయాక లేచి గేటు దగ్గరికి పోయింది. పాషా ఉడుకుడుకు చాయ్ ఊదుకుంటున్నాడు.

"నిజమేనా అన్నా? దసరా కాంగనే బంద్ చేస్తుండెనా?"

పాషా గ్లాసు కింద పెట్టాడు. "చెప్దామనే అనుకున్న చెల్లె. రోజనుకున్న. నువ్వా చుక్కలు పెట్టేటప్పుడు నీ మొకం చూస్తే నోరు రాకపాయె. పిల్లలు గూడ నన్నడిగిన్రు, చాచా నువ్వు చెప్పు అని. నేను, మీరే చెప్పుండ్రి అన్న. ఎవ్వలకు ధైర్నం కాలే."

శకుంతల వాచ్‌మెన్ గది మెట్టు మీద కూర్చుంది. ఆమెకు కోపం రాలేదు. ఆమెకు సదానందం ప్యాంట్లు గుర్తొచ్చాయి.

వానాకాలమంతా అతని ప్యాంట్లకు మోకాళ్ల దగ్గర రెండు తెల్లటి మరకలుండేవి. సున్నం అంత తొందరగా పోదు. బండ మీద వేసి బ్రష్షుతో రుద్ది రుద్ది చేతులు మండేవి, తిట్టేది. దసరా దాటాక ఆ మరకలు ఉండేవి కావు. అంచుల దగ్గర కొద్దిగా తెలుపు, అంతే. చలికాలంలో పని అల్కగయ్యిందని సంతోషపడేది. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. ఇరవై ఏళ్లు ఉతికిన ప్యాంట్లు. అతను ఏ నెలలో మోకాళ్ల మీద కూర్చున్నాడో, ఏ నెలలో లేచి నిలబడ్డాడో, అంతా ఆమె చేతికి తెలుసు. ఆమెకే తెలియలేదు.

కొంగుతో మొహం తుడుచుకుంది. మెట్టు పక్కన పొరక ఉంటే తీసుకుంది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చే సరికి శకుంతల ఏడో చుక్క ఊడుస్తోంది. మందంగా పెట్టిన చుక్కలు, ఒక పట్టాన పోలేదు. నీళ్లు చల్లి మళ్లీ ఊడ్చింది. పిల్లలు గీత అవతల గుంపుగా నిలబడి చూశారు. నవ్య దగ్గరికి వచ్చింది, పొరక అందుకోబోయింది.

"నేను ఊడుస్త ఆంటీ."

"నువ్వద్దు. పెట్టింది నేను." ఊడుస్తూనే అంది శకుంతల. "మీ సార్ దసరాకే తీసేస్తుండె కదా. నెల లేటయింది నాకు. ఎరుకున్నోళ్లు చెప్పాలె గదనే, నన్ను చూసి భయపడుడేంది? నేనేమన్న పులినా?"

"పులేం గాదు," అంది నవ్య. ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయి, నోరు నవ్వుతోంది. "మీరు మంచిగ కనవడ్తుండె ఆంటీ పొద్దున పూట. అందుకే."

పదకొండో చుక్క గోలుకీపరుది. అది ఊడ్చి, పొరక పక్కన పెట్టి, నడుము నిలబెట్టింది శకుంతల. గ్రౌండు బోసిగా కనిపించింది. గుండె కూడా ఒక క్షణం అలాగే ఉంది. తర్వాత పిల్లలు ఉరకడం మొదలుపెట్టారు.

*

మూడు వారాలు మిగిలాయి. మొదటి వారం ఒకరికొకరు గుద్దుకున్నారు. ఇద్దరు ఒకేచోటికి ఉరికేవారు, ఇంకోచోట ఎవరూ ఉండేవారు కాదు. అనూష మేడం ఈల వేసి ఆపి, మళ్లీ మొదటి నుంచి అనేది. నవ్య కళ్లు మూసుకొని గోలు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేది. రెండో వారానికి తలలు లేచాయి.

రూహీ సంగతి శకుంతల తనే చూసుకుంది. ఒకరోజు సాయంత్రం కొత్తవాడ పోయి వస్తూ తాహెరా బేగం ఇంటికి పోయింది.

"పొద్దుగాల ఐదున్నరకు నాకు తాడు పట్టెటందుకు ఒక మనిషి కావాలె అక్కా. పాషా అన్నకు మోకాళ్ల నొప్పులు. మీ బిడ్డను పంపు."

"గింత పొద్దున అది లేస్తదా? పోయినేడు ఈద్ నాడే కొట్టి లేపిన," అంది తాహెరా. కానీ పంపింది. వారానికి ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా, కళ్లు నులుముకుంటూ రూహీ వచ్చి తాడు కొస పట్టుకునేది. ఎర్రదారమేదో పచ్చదారమేదో పది రోజుల్లో నేర్చుకుంది.

అయినా సెమీఫైనల్ రోజు అనూష మేడం చదివిన పదకొండు పేర్లలో రూహీ పేరు లేదు. జూలై నుంచి సగం రోజులు కూడా రాని పిల్లను మొదట దింపితే, రోజూ వచ్చినవాళ్లకు ఏం చెప్పాలి అంది మేడం. అవతలి టీమ్ నాలుగు గోల్స్ కొట్టిన హన్మకొండ వాళ్లే. గ్రౌండు కూడా అదే, గడ్డి గ్రౌండు.

రూహీ వచ్చి నీళ్ల క్యాన్ల పక్కన, శకుంతల దగ్గర కూలబడింది. బూట్ల లేసులు విప్పబోయింది.

"విప్పకు."

"ఆడిపిస్తలేరు కదా ఆంటీ."

"మీ సార్ మూడేండ్లు గిట్లనే కూసున్నడు. ఒక్కనాడు విప్పలే."

"మూడేండ్లా?" రూహీ లేసులు వదిలేసింది. "ఒక్కసారన్న ఆడిండా?"

"తొమ్మిది నిమిషాలు ఆడిండు. రెండుసార్లు బంతి వచ్చింది, రెండుసార్లు మనోనికే ఇచ్చిండు. ఇరవై ఆరేండ్లు చెప్పిండు నాకు గా ముచ్చట. ఇగ నిమ్మకాయలు కొయ్యి."

మొదటి సగంలో అవతలి వాళ్లు ఎన్నిసార్లు వచ్చారో లెక్కలేదు. వచ్చిన ప్రతిసారీ ముందు ఎవరో ఒకరు ఉన్నారు. ఎవరూ కింద చూడలేదు. బంతి పోగానే పది మంది పది వైపుల నుంచి తమ తమ చోట్లకు వచ్చి నిలబడేవారు. గడ్డిలో ఏ గుర్తూ లేదు. శకుంతలకు మాత్రం పదకొండూ కనిపించాయి, ఒక్కొక్కటే. తను ఊడ్చినవే. సగం ఆట అయ్యేసరికి ఇటూ గోలు లేదు, అటూ లేదు.

కానీ కొట్టేవాళ్లు లేరు. అది శకుంతలకు కూడా తెలుస్తోంది. బంతిని కాపాడడం వచ్చింది గాని తీసుకుపోవడం ఎవరి కాళ్లలోనూ లేదు.

ఇరవై నిమిషాలు ఉందనగా నవ్య గీత దగ్గరికి ఉరికి వచ్చి, రొప్పుతూ మేడంతో అంది. "మేడం, రూహీని తోలుండ్రి. మేం నిలబడుడు వరకే మాతోని అయితది."

మేడం రూహీ వైపు చూసింది. రూహీ చేతిలో సగం కోసిన నిమ్మకాయ ఉంది. దాన్ని శకుంతల చేతిలో పెట్టి లేచింది.

ఆ పిల్ల దిగాక ఆట వేరే ఆటైంది. అవతలి వాళ్లు ఆమెను ఎరుగుదురు, ముగ్గురు చుట్టూ మూగారు. ఒకసారి బంతి పోగొట్టింది, ఇంకోసారి పడిపోయింది. మూడోసారి బంతి పట్టి ఇద్దరి మధ్యలోంచి బయటికి వచ్చి, ఎడమవైపు చూస్తూనే, చూడని కుడివైపుకు బంతి తోసింది. అక్కడ ఎవరూ లేరు. ఎక్కడి నుంచి వచ్చిందో, తన చోటు నుంచి పది అడుగులు ముందుకు, ఇంకా ముందుకు ఉరుకుతూ, నవ్య వచ్చింది. తన్నలేదు, ఊరికే కాలు అడ్డం పెట్టింది. బంతి మెల్లగా, పిల్లి నడిచినట్టు నడిచి, గోలులోకి పోయింది.

పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. వ్యాన్ డ్రైవరు ఈల వేశాడు. శకుంతల సగం నిమ్మకాయ పిండేసిందని తర్వాత చూసుకుంది, చీర కుచ్చిళ్ల మీదంతా రసం.

ఇంకో గోలు పడలేదు, ఇటు గాని అటు గాని. సెమీస్ దాటారు.

సాయంత్రం అనిల్ బండి మీద తీసుకుపోతూ అడిగాడు. "బాపు ఉంటే ఏమంటుండెనమ్మా?"

"ఏమంటడు. గోలు సంగతి పక్కకు పెట్టి, గా పిల్ల మనోళ్లకే ఇచ్చింది బంతి, తప్పలే అంటుండె."

ఫైనల్లో రెండు ఒకటితో ఓడిపోయారు. రెండో బహుమతి కప్పు ప్రిన్సిపాల్ గది అద్దాల బీరువాలో పెట్టారు. శకుంతల శుక్రవారం శుక్రవారం దాన్ని తుడుస్తుంది.

*

మళ్లీ జూలై వచ్చింది. నవ్య డిగ్రీ అయిపోయి పై చదువుకు పోయింది. రూహీ ఇప్పుడు కెప్టెన్. మొదటి సంవత్సరం పిల్లలు కొత్తగా వచ్చారు, ఎవరు ఎక్కడ నిలబడాలో తెలియదు, బంతి ఎటు పోతే అందరూ అటే. శకుంతల తాడు తీసి, రూహీ చేతికి ఒక కొస ఇచ్చి, పదకొండు చుక్కలు పెట్టింది. కొత్తపిల్ల ఒకతె తొక్కుకుంటూ వస్తే రూహీయే కసిరింది.

"జర చూసి నడువ్. ఆంటీ ఇప్పుడే పెట్టింది."

శకుంతల తల వంచుకొని సున్నం దిద్దుతూ నవ్వుకుంది.

బతుకమ్మ అయింది, దసరా అయింది. కాలేజీ తెరిచే ముందు రోజు రూహీ ఫోన్ చేసింది. "ఆంటీ, యాదికుందా?"

"ఉంది బిడ్డా. నువ్వు టైముకు రా, నా సంగతి నీకెందుకు," అని పెట్టేసింది శకుంతల.

ఆ వారం ఆదివారం బట్టలు ఉతుకుతూ గ్రౌండుకు కట్టుకుపోయే చీరను బండ మీద పరిచింది. కింద అంచుకు కొద్దిగా సున్నం ఉంది. మోకాళ్ల దగ్గర ఏమీ లేదు. బ్రష్షు పక్కన పెట్టి, రెండు చేతులతో జాడించి, ఎండలో ఆరేసింది.